కంచె లోపలి గడ్డి

ఎండకు కూడా ధర ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. అనంతపురం మెట్టలో పుట్టినవాళ్ళం, ఎండను తిట్టుకోకుండా మాకు పొద్దు గడవదు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే తిట్టేది ఎండనే, బోరు ఎండిపోతే తిట్టేదీ ఎండనే. అట్లాంటిది ఒకనాడు అధికారులు మా ఊరి బడి ముందర కుర్చీలు వేయించుకుని కూర్చుని, బొగ్గున్న చోట బొగ్గు తీస్తారు, గ్యాసున్న చోట గ్యాసు తీస్తారు, మీకు దేవుడు ఎండ ఇచ్చాడు, మీ దగ్గర దాన్నే తీస్తాం అని చెప్పారు. నా పక్కన కూర్చున్న మా అమ్మ, "తీసుకోనీప్పా, మొత్తం తీసుకపోనీ, మనకు సల్లగన్నా ఉంటాది" అంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

ఎండ ఎక్కడికీ పోలేదు. పోయింది గుట్ట కింది బీడు. రికార్డులో అది ప్రభుత్వ బంజరు. దాని పక్కన పట్టా భూములున్న రైతులకు సోలార్ కరెంటు కంపెనీ ఏడాదికింతని కౌలు ఇస్తోంది. ఎట్లాగూ పండని నేలలు, వాళ్ళకు అది మేలే, నేను కాదనను. గొర్రెలు మేపుకునేవాళ్ళకు మాత్రం ఏ కాగితమూ లేదు. తాతల కాలం నుంచి మేపుకుంటున్నామంటే, మేపినట్టు రుజువేదీ అని అడిగారు. నాకు ఒళ్ళు మండి, "గొర్రె గడ్డి తిని రసీదు ఇస్తాదా సార్?" అని ఆ మీటింగులోనే అడిగేశాను. ఒక అధికారి నవ్వి, ఏదో రాసుకున్నట్టు పెన్ను కదిపాడు. ఆ తర్వాత బీడు చుట్టూ కంచె లేచింది, దానికొక పెద్ద ఇనుప గేటు పెట్టారు.

మా నాయనకు అప్పట్లో యాభై అరవై జీవాలుండేవి. మా వైపు గొర్రెలను జీవాలనే అంటాం. నన్ను అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఇచ్చారు. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను కాబట్టి పుట్టింటికీ అత్తింటికీ రోజూ తిరుగుతూనే ఉంటాను. నాయన పొదుపుగా మాట్లాడే మనిషి. ఆయన మిగిల్చిన మాటలన్నీ నేను ఖర్చు పెడుతున్నానని మా అమ్మ ఎగతాళి చేస్తుంది. పంట కోతలయ్యాక రైతుల చేలల్లో మందను నిలిపి, వాళ్ళకు ఎరువు, మాకు ఇంత గింజ, అట్లా చలికాలం గడిచిపోయేది. ఎండాకాలానికి ఆ బీడే దిక్కు. బీడు పోయాక మా చిన్నాయనలు మందలు అమ్మేసి బెంగళూరులో కట్టడం పనులకు పోయారు. నాయన ఒక్కడే మిగిలాడు. తుమ్మకాయలు ఏరి, రోడ్డు పక్కన కంప కింద ఉన్నదేదో మేపి, ఎట్లాగో నెట్టుకొస్తున్నాడు.

అసలు విచిత్రం కంచె వేసిన రెండో ఎండాకాలంలో చూశాం. సోలార్ పలకలను మా ఊళ్ళో అద్దాలంటారు. వాటి మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందట. అందుకని ట్యాంకర్లతో నీళ్ళు తెచ్చి వాటిని కడుగుతారు. మా వీధి కొళాయిలో నీళ్ళు రెండు రోజులకోసారి వస్తాయి, ఆ అద్దాలకు మాత్రం స్నానం తప్పదు. కడిగిన నీళ్ళు కిందికి కారి, పైన అద్దాల నీడ ఉండి, ఆ కింద గడ్డి లేచింది. మామూలు గడ్డి కాదు, శ్రావణంలో కూడా మేం చూడని గడ్డి, మోకాలెత్తు. కంచెకు ఇవతల నేల పెనంలా కాలుతుంటే అవతల పచ్చగా ఊగుతోంది. నాయన మందను ఆ దారిన తోలుకుపోతే గొర్రెలన్నీ కంచె దగ్గర ఆగిపోయేవి. తీగల సందుల్లో మూతులు పెట్టి, అందినంత కొరికి, అందనిదాని కోసం అరిచేవి. వాటిని అక్కడి నుంచి కదిలించడానికి నాయనకు గొంతు పోయేది.

గేటు దగ్గర కాపలా ఉండేవాడు మా ఊరివాడే, నాకు వరసకు బావ. నాయన ఒకరోజు అతన్ని అడిగాడు.

"ఏమప్పా అల్లుడా, ఆ గడ్డి ఎవురు తింటాండారు?"

"ఎవురూ తినరు మామా. ఎండితే నిప్పు అంటుకుంటాదని మిషన్‌తో కోపిచ్చి, కుప్పేసి కాల్చేస్తారు."

"కాల్చేస్తారా?"

"రూల్ అట్ల ఉండాది. నేనేం చేసేది చెప్పు."

"మేకలంటే ఎక్కి తొక్కుతాయి, వద్దను, ఒప్పుకుంటా. గొర్రె తల వంచుకోని మేసి పోతాది గదప్పా. మీకు కోత ఖర్చు కూడా మిగుల్తాది."

"ఆ మాట పైవాళ్ళతో చెప్పల్ల మామా. నా చేతిలో తాళం ఉండాది గానీ, అది తీసే అధికారం లేదు."

ఆ సాయంత్రం నాయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "పచ్చగడ్డిని కాల్చే మనుషులు ఉంటారా?" అని అమ్మను అడిగాడు. మరో నాలుగు రోజులకు గుట్ట వైపు నుంచి పొగ లేచింది. నాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, అది ఆరిపోయేదాకా అట్లాగే చూశాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక మా ఆయన మీద అరిచాను.

అమ్మ అప్పటి నుంచి మందను అమ్మేయమని పోరు పెట్టింది. అమ్మది కొత్తచెరువు వైపు, వ్యవసాయం చేసుకునే ఇల్లు, గొర్రెల మీద ఆమెకు నాయనకున్నంత భ్రమ లేదు. "ఎముకలు లెక్కబెట్టేట్ల అయినాక అమ్మితే తోలు ధర కూడా రాదు. ఇప్పుడే ఇచ్చేయ్యా" అంది. తనకల్లు వైపు నుంచి వచ్చే వ్యాపారి ఒకాయన కూడా రెండుసార్లు వచ్చి మందను చూసి, మంచి బేరమే చెప్పి పోయాడు. నాయన మాత్రం, "ఎలక్షన్లు వస్తాండాయి. ఒక మాట అడిగి సూస్తా. గేటు తెరిస్తే మంద నిలబడతాది" అన్నాడు. ఎలక్షన్లంటే నాయనకు అంత నమ్మకం ఉందని నాకు అంతవరకూ తెలియదు.

మా వైపు ఎమ్మెల్యేగా పోటీ చేసే మనిషి ఊళ్ళోకి వస్తే గొర్రెలవాళ్ళ వీధిలో ఒక తంతు ఉంటుంది. ఆయన భుజాల మీద కంబళి కప్పి, చేతుల్లో గొర్రెపిల్లను పెడతారు. ఫొటోలు తీస్తారు. ఫొటో అయిపోగానే పిల్ల తిరిగి తల్లి దగ్గరికి వచ్చేస్తుంది. కంబళి కూడా ఒక్కోసారి వస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆసారి ముందురోజే ఒక కార్యకర్త మోటారు సైకిలు మీద వచ్చి, "అన్న వస్తాండాడు, ముద్దుగా ఉండే పిల్లనొకదాన్ని రెడీ పెట్టు పెద్దాయనా" అని నాయనకు చెప్పి పోయాడు.

ఇక్కడే మా నాయన చేసిన పని ఎవరికీ అర్థం కాలేదు, మాకు తప్ప. మా గొర్రెలవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కోసుకుని తినడానికి ఇచ్చేది ఎప్పుడూ మగపిల్లనే. ఆడ గొర్రెపిల్లను ఎవరి చేతికైనా ఇస్తే అది కానుక కాదు, మందలో వాటా. దాన్ని పాలుకివ్వడం అంటాం. తీసుకున్నవాడు దాన్ని సాకాలి, దానికి పుట్టిన పిల్లలను ఇద్దరూ పంచుకోవాలి. ఆ రోజు నుంచి నీ మంద మంచిచెడ్డలు నావి కూడా అని అర్థం. రోగం తగిలో నక్క పడో అది చచ్చిపోతే, తీసుకున్నవాడు దాని చెవులు కోసి తెచ్చి చూపించాలి. చెవులు చూపిస్తే మళ్ళీ మాట్లాడేదేమీ ఉండదు. చూపించలేని మనిషితో ఇంకెవరూ పాలు పెట్టుకోరు.

నాయన దొడ్డిలోకి పోయి, మందకు ముందు నడిచే పెద్ద గొర్రె ఈనిన ఆడపిల్లను ఎత్తుకొచ్చాడు. అమ్మ దానికి పసుపు రాస్తున్నదల్లా ఆగి, తోక ఎత్తి చూసి, "ఇది ఆడది గదయ్యా" అంది.

"అవును. పాలు పెడతాండా."

"ఆయప్పకు పాలా? ఆయప్ప గొర్రెలు మేపుతాడా?"

"మేపల్సిన పని లేదు. పాలు తీసుకున్నోడు మాట తప్పడు."

"నాయనా, ఆయన ఫొటో కోసం పట్టుకుంటాడు, అంతే" అన్నాను నేను. నాయన నా మాట చెవిన వేసుకోలేదు.

మరునాడు ఆయన వచ్చాడు. డప్పులు, జెండాలు, పూలు. మీ ఎండే మీ బంగారమప్పా, ఆ బంగారంతో ఎక్కడెక్కడి ఊళ్ళకో దీపాలు వెలుగుతాండాయి, మీకూ దాంట్లో భాగం రావల్ల అని బాగానే మాట్లాడాడు. నాయన కంబళి కప్పాడు. పిల్లను ఆయన చేతుల్లో పెట్టి, వెంటనే వదలకుండా తానూ ఒక చెయ్యి దాని మీదే ఉంచాడు.

"సామీ, ఇది ఆడది. మా మందలో నీకు పాలు పెడతాండా. సోలార్ గేటు ఎండాకాలం మా జీవాలకు తెరిపిచ్చు. అంతే అడిగేది."

"అట్లే పెద్దాయనా. గెలిచినాక మొదట చేసేది నీ పనే" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. ఆసారి పిల్ల వెనక్కి రాలేదు. నాయనే తీసుకోలేదు. కార్యకర్త తిరిగివ్వబోతే, "అది ఆయనదప్పా" అని ఆ వెనక జీపులో కూర్చోబెట్టించాడు. తల్లి గొర్రె జీపు వెంట వీధి చివరిదాకా పోయి అరిచింది.

వారానికి వ్యాపారి మళ్ళీ వచ్చాడు. నాయన, "అమ్మేది లేదప్పా, మందలో ఇంకొకరికి పాలుండాది" అని తిప్పి పంపాడు. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను కూడా నాయనతో గట్టిగానే పోట్లాడాను. ఎండాకాలం ముదిరిపోతోంది, మేత లేదు, వచ్చిన బేరం పోయింది. మంద మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ మాట ఇచ్చినాయనకు అది గుర్తుందో లేదో కూడా మాకు తెలియదు.

ఓట్ల రోజు నాయన అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు. వేలికి సిరా పెట్టించుకుని వచ్చి, గొర్రెలను తోలుకుని పోయాడు. పాలు తీసుకున్నాయన గెలిచాడు. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. నాయన ఎప్పుడూ లేనిది నవ్వుతూ మా ఇంటికొచ్చి, "పాపా, తెల్ల పంచె ఇస్త్రీ చెయ్యి, పోయొస్తాం" అన్నాడు. ఒక్కడినీ పంపడం ఇష్టం లేక నేను కూడా బయల్దేరాను.

ఎమ్మెల్యే ఇంటి ముందు షామియానా, దాని కింద జిల్లాలో ఉన్న కష్టాలన్నీ కుర్చీలేసుకుని కూర్చున్నాయి. మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. మనిషి మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట దాచను. కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. మా ఎదురుగానే కంపెనీ మేనేజరుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి సగం హిందీలో సగం ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. ఈయన విని, ఫోన్ పెట్టేసి, తల అడ్డంగా ఊపాడు.

"పెద్దాయనా, ఉన్నమాట చెప్తా. ఆ నేల ఏండ్ల తరబడి వాళ్ళకు రాసిచ్చినారు. లోపల వైర్లకు ఏమన్నా అయితే ఇన్సూరెన్సు రాదంట. కరెంటు కూడా మన జిల్లాది కాదు, యాడికో పోతాది. అది నా చేతిలో ఉండేది కాదు."

నాయన తల ఊపాడు. వాన రాదని రేడియోలో చెబితే ఊపినట్టే ఊపాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కాఫీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"మన పిల్ల ఎట్లుండాది సామీ?"

"ఎవరి పిల్ల?"

"ఆ పొద్దు పాలుకిచ్చినా గదా. నెల దాటింది, ఇప్పటికి కొంచెం ఎదిగింటాది."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ నిలబడ్డ కార్యకర్త, మా ఊరికి మోటారు సైకిలు మీద వచ్చినవాడే, కొంచెం నవ్వు మొహంతో, "అన్నా, అది ఆ సాయంత్రమే మనోళ్ళు కోసినారు. అలిసిపోయింటిరి గదా అందరూ" అన్నాడు.

"అది ఆడది" అన్నాడు నాయన మెల్లగా. తర్వాత, "చెవులన్నా ఉండాయా?" అని అడిగాడు.

కార్యకర్తకు అర్థం కాలేదు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు అంత కోపం జన్మలో రాలేదు. "తీసుకున్న జీవం పోతే చెవులు చూపించల్లప్పా, మా కులంలో అది పద్ధతి. అందుకని అడుగుతాండాడు. నవ్వేదేముండాది?" అన్నాను. షామియానా కింద అందరూ మా వైపు తిరిగారు. కానీ ఎమ్మెల్యేకు అర్థమైంది. నేను ఆయన మొహమే చూస్తున్నాను కదా, చెవులన్న మాట వినగానే అర్థమైంది. వాళ్ళ పెద్దల కాలంలో వాళ్ళ ఇంట్లోనూ మందలుండేవట, తర్వాత ఎవరో చెప్పారు.

"తప్పైపాయ పెద్దాయనా. నాకు తెలీలేదు. ఇంకొక పిల్లను కొనిస్తా, రెండైనా కొనిస్తా" అన్నాడు.

"వద్దు సామీ" అన్నాడు నాయన. లేచి దండం పెట్టాడు. వచ్చేటప్పుడు బస్సులో నేను ఏడ్చాను. నాయన కిటికీలోంచి రోడ్డు పక్కన ఎవరి మందో పోతుంటే తల తిప్పి అది కనపడినంత దూరం చూశాడు.

ఆ ఎండాకాలం ఇంకా అయిపోలేదు. కొన్న మేత వేస్తూ వచ్చాం. ముందు నడిచే పెద్ద గొర్రె ఒకరోజు లేవలేదు. అప్పుడొచ్చాడు మళ్ళీ ఆ కార్యకర్త. ఈసారి అతను నవ్వలేదు. బండి దూరంగా ఆపి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"అన్న నిన్ను మనసులో పెట్టుకున్నాడు పెద్దాయనా. కంపెనీతో గట్టిగా మాట్లాడినాడు. గొర్రెలకు ఒప్పుకోలేదు గానీ మనిషికి ఒప్పుకున్నారు. లోపల గడ్డి కోసే పని. నెల జీతం, మధ్యాన్నం కొంచెం సేపు విశ్రాంతి. వచ్చే ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు."

అమ్మ దేవుడి పటం వైపు తిరిగి చేతులు జోడించింది. ఆమెను నేను తప్పు పట్టను. "గడ్డి కోసేదానికి పోతే మందను ఎవురు సూస్తారు?" అన్నాను. నాయన దొడ్డిలోకి పోయి, జీవాల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి, తనకల్లు వ్యాపారికి ఫోన్ కలపమని నన్నే అడిగాడు.

బక్కచిక్కిన మందకు బేరమేముంటుంది, వచ్చినకాడికి ఇచ్చేశాం. లారీ వచ్చిన రోజు నాయన ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఒక్కొక్కదాన్నీ తానే ఎత్తి లోపల పెట్టాడు. లారీ పోయాక కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నాడు. అమ్మే తినలేకపోయింది. అమ్మేయమని అన్నాళ్ళు పోరు పెట్టిన మనిషి, ఖాళీ దొడ్డి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు పట్టుకుని కూర్చుండిపోయింది.

పనిలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం నేను సంగటి ముద్దా, చింతకాయ చట్నీ టిఫిన్లో పెట్టుకుని గుట్ట కిందికి పోయాను. గేటు దగ్గర మా బావ, "బయటోళ్ళను లోపలికి పంపకూడదు పాపా, కంచె కాడికి రమ్మని పిలుస్తాలే" అన్నాడు. నాయన అద్దాల వరసల మధ్య నుంచి నడిచి వచ్చాడు. తలకు కంపెనీ టోపీ, కాళ్ళకు కొత్త బూట్లు, చేతిలో కొడవలి. అద్దాల కింద మిషను పోని చోట చేత్తోనే కోయాలట. తీగల సందులోంచి టిఫిన్ అందించాను. గడ్డిలోనే కూర్చుని తిన్నాడు. నేను ఇవతల ఎండలో కొంగు నెత్తిన వేసుకుని కూర్చున్నాను.

"ఎట్లుండాది నాయనా పని?" అని అడిగాను.

"గడ్డి మంచిది" అన్నాడు. "బయట సూసిందానికంటే మంచిది. తీపి గడ్డి."

ఖాళీ టిఫిన్ కడిగి తిరిగి ఇచ్చాడు. నేను లేచి బయల్దేరబోతుంటే ఆగమన్నాడు. వంగి, లేత గడ్డి చూసి, ఎడం చేతి పిడికిలి నిండా కోశాడు. తీగల మధ్య నుంచి అది నా చేతిలో పెట్టి, "పోతా పోతా జీవాలకు ఎయ్యి" అన్నాడు.

నేను సరేనన్నాను.